సలాం తిప్పకముందు

మార్చి 4

పిన్నీ,

సలాం.

నమాజు చివర్లో కూర్చుని, ముఖం కుడివైపుకీ ఎడమవైపుకీ తిప్పి సలాం చెప్పకముందు చదివే దువా ఉంది కదా, అందులో ఇంకొకరి మాట ఎందుకు లేదు? ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్న ప్రశ్న ఇది. ఇవాళ నీ ముందు దించుతున్నాను.

'అల్లాహ్, నా ప్రాణానికి నేనే ఎంతో అన్యాయం చేసుకున్నాను. పాపాలను మన్నించేవాడివి నువ్వు తప్ప ఎవరూ లేరు. నీ దగ్గరనుంచి వచ్చే మన్నింపుతో నన్ను మన్నించు, నన్ను కరుణించు.' అమ్మా నువ్వూ మా పిల్లలందరినీ ముందుగదిలో చాప మీద వరసగా కూర్చోబెట్టి, అరబీలో కంఠతా పట్టించి, ఆ తర్వాత తెలుగులో చెప్పింది ఇదే. నాకప్పుడు పదేళ్లు. "పక్కపిల్ల పెన్సిలు నేను తీసుకుంటే అన్యాయం ఆ పిల్లకి కదా, నాకు నేను చేసుకోవడమేమిటి?" అని అడిగాను. అమ్మ నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసి, "ముందు నోటికి రానీ. అర్థం దాని వేళకి అదే వస్తుంది" అంది. నువ్వు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నావు. నవ్వలేక, ఆపుకోలేక నానా అవస్థా పడ్డావు. నాకు అనుమానప్పక్షి అని పేరు పెట్టింది ఆ రోజే.

నోటికైతే వచ్చింది. అర్థం ఈ ఏడు నెలల్లో కొంచెం కొంచెంగా వస్తోంది. అది నాకు నచ్చేలా లేదు.

ఫోను చేస్తే నువ్వు ఎత్తడం మానేశావు. అమ్మ పోయిన కొత్తలో దుఃఖం అనుకున్నాను. తర్వాత నా మీద కోపం అనుకున్నాను. కిందటి వారం నీ దుకాణం నంబరుకి చేస్తే, కాజాలు కుట్టే ఆ పొడుగామె ఎత్తి, "అమ్మగారికి ఇప్పుడు ఫోను పడట్లేదండీ, ఉత్తరం రాయండి, చదువుతారు" అంది. కోపమైతే కోపమనే చెప్పు పిన్నీ. ఫోను మీద పెట్టకు.

ఇక్కడ నా పని మామూలే. పొద్దున్నే కుళాయి నీళ్లు సీసాల్లో వస్తాయి. వాటిని అనుమానించడమే నా ఉద్యోగం. మర్నాటికి 'తాగొచ్చు' అనో 'తాగకూడదు' అనో రాసి సంతకం పెడతాను. సంతకం పెట్టేటప్పుడు ఈ మధ్య చెయ్యి ఆగుతోంది.

అమ్మ నమాజు విషయంలో నా వల్ల ఒక తప్పు జరిగింది. దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక పై ప్రశ్నతో మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చి మళ్లీ ఆగిపోయాను.

నీ అక్క కూతురు


మార్చి 13

అనుమానప్పక్షికి,

పిన్ని సలాం, బోలెడు దువాలు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఒకావిడ జాకెట్టు భుజాలు విప్పుతున్నాను. మూడోసారి విప్పడం. ఆవిడ మధ్యలో సన్నబడింది, మధ్యలో లావయింది, తప్పు మాత్రం నా టేపుది! పొడుగామె కవరు తెచ్చి ఇచ్చింది. నీ చేతిరాత చూసి ఎంత సంతోషించానో. డాక్టర్ల రాతలా ఉండేది, ఇప్పుడు కాస్త మనిషి రాతలా ఉంది.

కోపం లేదే పిచ్చిదానా. ఫోను పడట్లేదు, అంతే. చెవి దగ్గర పెట్టుకుంటే తల తిరుగుతుంది. వయసు.

నువ్వు చెప్పకపోయినా నీ తప్పేమిటో నాకు తెలిసిపోయింది. ఆఖరి నెలల్లో అక్కకి వేళలు తప్పేవి, నువ్వు పనికి పోయేదానివి, కొన్ని నమాజులు పోయుంటాయి. అంతేగా? దానికోసం మనసు కష్టపెట్టుకోకు. ఒంట్లో బాగాలేని మనిషి. నువ్వు ఒక్కదానివి ఉద్యోగం చేసుకుంటూ అక్కని చంటిపిల్లలా చూశావు. నలుగురిలో ఈ మాట నేను ఎంత గర్వంగా చెప్పుకుంటానో నీకు తెలియదు.

ఇక నీ ప్రశ్న. పరాయివాళ్ల బట్ట కోస్తూ కత్తెర జారితే చెడింది వాళ్ల బట్టే. కానీ నేను ఇల్లంతా తిరుగుతూ తిట్టుకునేది ఎవర్ని? నన్నే. అలాంటిదే అనుకుంటా. మరి ఆ ఇంకొకరి సంగతంటావా, అది ఆ ఇంకొకరి దగ్గరికి వెళ్లి తేల్చుకోవాల్సిందే. మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషి మన్నించాకే పైవాడు మన్నిస్తాడని చెప్పింది మీ అమ్మే. ఇంట్లో ఉండి వినలేదా నువ్వు?

ఇప్పుడు అసలు సంగతి. అక్క పేరు మీద ఒక పని చేస్తున్నాను. ఆ దువానే చిన్న అట్టల మీద అచ్చు వేయిస్తున్నాను. అరబీ, కింద తెలుగు అర్థం, అడుగున ఒక్క వాక్యం: 'నమాజులో ఈ దువా చదువుతూ అల్లాహ్‌ని చేరుకున్న మా అక్క జ్ఞాపకంగా'. రెండొందలు. నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆడపిల్లలకీ, వాళ్ల తల్లులకీ, మసీదు పక్క వీధికీ. ప్రెస్సులో ఇచ్చేశాను. వచ్చే నెల ఆరో తారీఖున ఇస్తానన్నాడు.

నీకు చెప్పకుండా చేసినందుకు ఏమీ అనుకోకు. అక్క పోయాక నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. నమాజులో పోయింది. ఆ దువా నోట్లో ఉండగా పోయింది. అందులో నా కోసం కూడా ఒక ముక్క అడిగే ఉంటుంది. అడిగి ఉండాలి.

వేళకి తిను.

పిన్ని


మార్చి 19

పిన్నీ,

సలాం. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

అట్ట మంచి ఆలోచన. దువా ఉండనీ. అమ్మ పేరూ ఉండనీ. కింది వాక్యం ఒక్కటి తీసేయించు. 'మా అక్క జ్ఞాపకంగా' అంటే చాలదా?

కారణం అడుగుతావు. ఆ సమయంలో గదిలో ఎవరూ లేరు కదా పిన్నీ. పక్కింటావిడ వచ్చేసరికే అంతా అయిపోయింది. పెదవులు ఏం చదువుతున్నాయో ఎవరు చూశారు? చూడనిదాన్ని అచ్చు వేయకూడదు. మా ల్యాబులో రుజువు లేకుండా ఒక్క మాట రాస్తే మా సంతకాలాయన (మా పై అధికారికి మేం పెట్టుకున్న పేరు) కాగితం చించి పారేస్తాడు. నేను అలా అలవాటుపడ్డాను.

ఇది నీ మనసు నొప్పించడానికి రాయడం లేదు. దయచేసి ప్రెస్సువాడికి చెప్పు. ఆరో తారీఖులోపు.

వాన పడుతోంది. అమ్మ కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉంది. జల్లు కొడుతుందని జరపబోయి, జరపకుండా కిటికీయే మూశాను.

నీ అక్క కూతురు


మార్చి 27

అమ్మాయికి,

సలాం.

మా అక్క చావుకి కూడా నీ ల్యాబులో ముద్ర వేయించుకోవాలని నాకు తెలియదు. తెలిసుంటే ఒక సీసాలో పట్టి పంపేదాన్ని.

పొడుగామెకి చదివి వినిపించాను. "చదువుకున్నోళ్లు అంతేనమ్మా, అన్నీ తూకం వేస్తారు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు నిన్ను వెనకేసుకొచ్చాను, అది వేరే సంగతి.

ఉన్నమాట చెప్పు. సిగ్గుగా ఉందా? మీ ఆఫీసువాళ్ల చేతికి ఈ అట్ట వెళ్తే 'వీళ్లింట్లో ఇంకా ఇలాంటివా' అంటారని భయమా? కాలేజీలో చేరిన ఏడాదే నువ్వు నమాజు వదిలేశావు. మీ అమ్మ నాతో చెప్పుకుని ఏడ్చింది. నేను నిన్ను ఒక్కమాట అనలేదు. వదిలేసినదానివి వదిలేసినట్టే ఉండు. చదివినవాళ్ల మీద అనుమానాలు దేనికి?

ఇంకొకటి కూడా అంటాను. అక్కని నా దగ్గరికి పంపమని రెండుసార్లు అడిగాను. ఇక్కడైతే నాలుగు చేతులుంటాయన్నాను. 'వద్దు పిన్నీ, అమ్మకి నేను చాలు' అన్నావు. సరే, నువ్వే చాలావు. అక్క బతికుండగా నీది. చచ్చిపోయాక కూడా నాకు ఒక్క వాక్యం మిగల్చవా?

పక్కింటావిడ కళ్లారా చూసింది. కుర్చీలో, ముఖం కిబ్లావైపు, చేతులు మోకాళ్ల మీద. మక్కా దిక్కుకి తిరిగి అలా కూర్చోవడం నమాజు కాకపోతే మరేమిటి?

వాక్యం ఉంటుంది.

పిన్ని


ఏప్రిల్ 2

పిన్నీ,

ఇది అందేసరికి నీ అట్టలు అచ్చయిపోయి ఉంటాయేమో. అయినా రాస్తున్నాను. సిగ్గు కాదు. నేను తప్పు చేశానని మొదటి ఉత్తరంలో రాశాను, నువ్వు దాన్ని నా మీద ప్రేమతో చిన్నది చేశావు. అది చిన్నది కాదు.

రెండోసారి పక్షవాతం వచ్చాక అమ్మ మోకాళ్లు వంగేవి కావు. కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నమాజు చేసేది. మధ్యాహ్నం జుహర్ నమాజుకి నేను ల్యాబునుంచి వచ్చేదాన్ని. ఒంటిగంటనుంచి రెండు దాకా సెలవు. నడక పోను నలభై నిమిషాలు మిగిలేవి. అందులోనే కాళ్లూ చేతులూ మొహం కడిగి వుజూ చేయించాలి, నమాజుకి కూర్చోబెట్టాలి, తినిపించాలి, మాత్రలు వేయాలి. రెండింటికి వెచ్చటి పెట్టెలోంచి ముందురోజు ప్లేట్లు తీసి, వాటి మీద పెరిగిన క్రిముల చుక్కలు లెక్కపెట్టాలి. ఆ లెక్క ఆలస్యమైతే ఆ రోజు పరీక్షంతా దండగ.

నాలుగు రకాతుల ఆ నమాజులో మొదటి మూడు విడతలూ బాగానే నడిచేవి. చిక్కంతా చివరి కూర్చోవడంలో. సలాంకి ముందు ఆ దువా మొదలుపెట్టి, 'ఎంతో అన్యాయం' అన్నచోటుకి వచ్చి అమ్మ ఆగిపోయేది. ముందుకి దారి దొరికేది కాదు. మళ్లీ వెనక్కి, కూర్చోగానే చదివే మొదటి మాటలనుంచి. మళ్లీ అక్కడికే వచ్చి ఆగేది. ఒకరోజు పదకొండుసార్లు లెక్కపెట్టాను. లెక్కపెట్టడం తప్ప నాకేం వచ్చు?

అందించొచ్చు కదా అంటావు. రెండు మూడు రోజులు అందించాను. నా గొంతు వినగానే కళ్లు తెరిచి, "ఎప్పుడొచ్చావే? తిన్నావా?" అనేది. మధ్యలో మాట్లాడితే నమాజు తెగిపోయినట్టే కదా, మళ్లీ మొదటి రకాతు.

ఒకరోజు ఆ దువా మధ్యలో తనే నావైపు చూసి అడిగింది: "సలాం తిప్పానా?"

తిప్పలేదు పిన్నీ. నేను గడియారం చూసి, "తిప్పావమ్మా, అయిపోయింది, లే" అన్నాను.

ఆమె ముఖం ఎంత తేలికపడిందో చెప్పలేను. పరీక్ష పాసయిన పిల్ల ముఖం. నా అబద్ధం నాకే దయలా కనిపించింది. మొదటిరోజు నిజంగా దయే అయ్యుండొచ్చు. రెండోరోజునుంచి కాదు. తర్వాత తర్వాత అమ్మ అడగకుండానే, చివరి కూర్చోవడంలోకి రాగానే భుజం మీద చెయ్యి వేసి, "అయిందమ్మా" అనేదాన్ని. నాలుగు నెలలు. మన్నింపు అడిగే చోటుకి చేరకముందే ఆమెను లేపేసేదాన్ని, ప్రతి మధ్యాహ్నం, బస్సులో సీటు ఖాళీ చేయించినట్టు.

ఆఖరి రోజు నాకు ఇంకా తొందర. అవతలి పేటనుంచి వాంతుల కేసులు వచ్చాయని పది సీసాలు అదనంగా తెచ్చారు. అమ్మ చివర్లో కూర్చుందో లేదో, "అయింది, లే" అన్నాను. అమ్మ లేవలేదు.

"దువా అవలేదేమోనే" అంది.

"అయిందమ్మా. నేను విన్నాను."

నన్ను చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది, కాకపోవచ్చు. "నువ్వు విన్నావా?" అంది. "నువ్వు విన్నావుగా. అయితే సరే."

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. నాలుగు ముద్దలు తింది. బల్ల దగ్గర చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, రోజూలాగే చేతికి ఒక తువ్వాలు ఇచ్చాను. సూది లేకుండానే అంచు మడిచి కుడుతున్నట్టు వేళ్లు ఆడించేది కదా, పొద్దుపోయేది. తలుపు దగ్గరకి వేసి వెళ్లిపోయాను.

నాలుగింటికి పది నిమిషాలుండగా పక్కింటావిడ వెళ్లింది. అమ్మ చెక్క కుర్చీలో లేదు. కిటికీ పక్క కుర్చీలో ఉంది. తువ్వాలు నేల మీద ఉంది. డాక్టరు వచ్చి ప్రాణం పోయి ముప్పావుగంట అయ్యుంటుందన్నాడు. వచ్చినవాళ్లందరూ "నమాజులో పోయింది, ఎంత అదృష్టవంతురాలు" అన్నారు. నేను నీకు ఫోనులో చెప్పిందీ అదే. కానీ పిన్నీ, సాయంత్రం నమాజు వేళకి అప్పటికింకా గంటన్నర ఉంది. మధ్యాహ్నం నమాజు నేను 'అయిపోయింది' అనిపించేశాను. ఆమె ఏ నమాజులో ఉందని చెప్పను?

ఆ కుర్చీలోకి ఎందుకు తిరిగి వెళ్లిందో నాకు తెలియదు. ఏం చదివిందో, ఎక్కడిదాకా చదివిందో తెలియదు. నీ అట్ట మీద వాక్యం నిజం కాదని కూడా నేను ప్రమాణం చేయలేను. నిజమని నమ్మే హక్కు నాకు లేదు, అంతవరకే తెలుసు.

అమ్మ పోయాక నేను నమాజు మళ్లీ మొదలుపెట్టాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఆ కిటికీ పక్కనే చాప వేసుకుంటాను. చివరికి వచ్చి, 'ఎంతో అన్యాయం' అన్నచోట నేనూ ఆగిపోతున్నాను. నాకు మరపు లేదు. ముందుకి వెళ్లడానికి మొహం లేదు.

మనిషి మన్నించాకే పైవాడు మన్నిస్తాడన్నావు. ఆ మనిషి లేదు. అమ్మ తరఫున మిగిలింది నువ్వే. మన్నిస్తావా?

నీ అక్క కూతురు


మే 9

తల్లీ,

ఐదు వారాలు రాయలేదు. మొదటి వారం నీ మొహం చూడకూడదనుకున్నాను. రెండో వారం నీ ఉత్తరం పొయ్యిలో పెడదామని వంటింటి దాకా వెళ్లాను. అక్క మొహం గుర్తొచ్చింది, 'నువ్వు విన్నావుగా' అన్నప్పటి మొహం. నేను చూడలేదు కదా, అయినా కనిపించింది. తిరిగొచ్చి కొలతల పుస్తకంలో పెట్టాను.

మసీదు పెద్దాయన్ని అడిగించాను. మనవాళ్ల సంగతని చెప్పలేదులే. సలాంకి ముందు ఆ దువా చదవడం మంచిదే కానీ, చదవలేకపోతే నమాజు పోదట. జ్ఞాపకం తప్పిన మనిషి మీద ఏ తప్పూ రాయరట. కాబట్టి మీ అమ్మకి ఏ లోటూ లేదు. లోటంతా మన ఇద్దరిదీ.

ఇద్దరిదీ అని ఎందుకన్నానో చెప్తాను. 

నువ్వు అక్కకి పెద్ద బొత్తాల ఫోను కొనిచ్చావు గుర్తుందా? ఒకటో బొత్తాం నొక్కితే నాకు వచ్చేట్టు పెట్టావు. నువ్వు పనికి పోయాక అక్క నాకు చేసేది. "చెల్లీ, 'ఎంతో అన్యాయం' తర్వాత ఏముందే?" అనేది. నేను చెప్పేదాన్ని. తనూ నాతోపాటు ఆఖరు దాకా చదివేది. ఆ గొంతు, చిన్నప్పుడు ముందుగదిలో వినిపించిన గొంతే. ఫోను పెట్టేశాక మర్చిపోయి మళ్లీ చేసేది. రోజుకి నాలుగుసార్లు, ఆరుసార్లు. ఎదురుగా కొలతలకి వచ్చినవాళ్లు నిలబడి ఉండేవారు, నా చేతిలో సుద్ద, మెళ్లో టేపు. నీకైతే రెండింటికి ప్లేట్లు, నాకు ఏముంది చెప్పు? జాకెట్లు! "మీ అక్కగారమ్మా" అని పొడుగామె ఫోను అందిస్తే, "మోగనీ, అదే ఆగుతుంది" అనడం మొదలుపెట్టాను.

ఆ రోజు కూడా మోగింది. మూడు కావడానికి పదమూడు నిమిషాలుంది. గడియారం ఎదురుగానే ఉంది కాబట్టి తెలుసు. నేను ఒక జాకెట్టు చేతి గుండ్రం కోస్తున్నాను, మధ్యలో ఆపితే అంచు చెడుతుంది. ఆగేదాకా మోగింది. ఆగింది.

మళ్లీ మోగలేదు.

ఇప్పుడర్థమైందా నాకు ఫోను ఎందుకు పడదో? నీ మీద కోపమనుకున్నావు. నువ్వు నన్ను అనుమానించిన ఒక్కసారీ తప్పుగా అనుమానించావు.

అట్టలు నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వచ్చాయి. రెండొందలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. బట్ట కోసే కత్తెరతో కాగితం కోస్తే పదును చస్తుందని చిన్నప్పుడు నీ వేళ్ల మీద ఎన్నిసార్లు కొట్టానో. అదే కత్తెర తీశాను. ఒక్కొక్కదానికీ అడుగు వాక్యం కోసేశాను. కత్తెర నిజంగానే చచ్చింది. పొడుగామె చూసి, "అమ్మగారికి ఏదో అయింది" అని గుండీల డబ్బా తీసుకుని అవతలి గదిలోకి పోయింది.

నన్ను మన్నించమన్నావు. అక్క గురించి నాకు అబద్ధం చెప్పినందుకైతే మన్నించేశాను, అది నా చేతిలోది. అక్క తరఫున అడిగావు చూడు, అది నాకు లేదు. ఆ ఫోను ఎత్తి ఉంటే ఉండేదేమో. ఇప్పుడు నేనెవర్ని?

ఒక అట్ట పెడుతున్నాను. అడుగు అంచు కాస్త వంకరగా ఉంటుంది. ఏడుస్తూ కోస్తే అంతే.

ఫోను చెయ్యి. ఎత్తుతానో లేదో తెలియదు. చెయ్యి మాత్రం.

పిన్ని


మే 18

పిన్నీ,

సలాం.

గురువారం నువ్వు ఎత్తావు. ఏడోసారి మోగాక.  నీ వెనక మిషను ఆడుతున్న చప్పుడు, ఎవరో "ఈ బొత్తాం కాదు, ఆ బొత్తాం" అంటున్న గొంతు వినిపించాయి. కాసేపటికి నువ్వు, "తిన్నావా?" అన్నావు. "ఆఁ" అన్నాను. అబద్ధం. అప్పటికింకా తినలేదు. వెంటనే, "లేదు పిన్నీ, ఇంకా లేదు" అని దిద్దుకున్నాను. నువ్వు నవ్వావో ఏడ్చావో తెలియలేదు. అడగలేదు.

అట్ట కిటికీ దగ్గర పెట్టాను. వంకర అంచు బాగుంది.

నీ ఉత్తరం చదివాక అమ్మ ఫోను అలమరలోంచి తీశాను. పోయినప్పటినుంచి దాన్ని ఛార్జింగుకి పెట్టలేదు, తెరవలేదు. తెరిచి చూడాలని నాకు తట్టనే లేదు. రోజంతా సీసాలు తెరిచి చూసేదానికి! నువ్వు చెప్పింది నిజమే. రెండు గంటల నలభై ఏడు నిమిషాలకి ఒకటో బొత్తాం. మాట్లాడిన సమయం సున్నా.

అమ్మ ఫోనులో నా నంబరు రెండో బొత్తాం పిన్నీ. ఒకటో దానికి ఆనుకునే ఉంటుంది. ఆ రోజు దాన్ని నొక్కలేదు. వెనక్కి వెళ్లి నెలల లెక్కంతా చూశాను. నీకు వందలసార్లు ఉన్నాయి. ఆ దువా కోసం నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ దువా నోటికి వచ్చిన కూతురు పది నిమిషాల దూరంలో ఉండగా, ఒక పగలంతా రైల్లో కూర్చుంటే గానీ రాలేని నిన్ను అడిగేది.

నీ ఫోను గురించి నాకున్న మాట ఒక్కటే చెప్తాను. నువ్వు ఎత్తనివి కాకుండా, ఎత్తినవి కూడా అందులో ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. అన్నిసార్లు ఆమె ఆఖరు దాకా చేరింది, నీ గొంతు పట్టుకుని. నేను లేపేసిన ప్రతి మధ్యాహ్నం తర్వాతా నీ నంబరు ఉంది. నేను కోసేసిన చోట నువ్వు కుట్టావు, అలిసిపోయేదాకా కుట్టావు. అమ్మ తరఫున నిన్ను మన్నించే అర్హత నాకూ లేదు కాబట్టి, ఇది మన్నింపు కాదు. ఫోను చూసి చెప్తున్న లెక్క. ఇందులో రుజువుంది.

నా సంగతి మాత్రం తేలలేదు.

రోజూ ఆ కుర్చీ ఎదురుగా కూర్చుంటున్నాను. తిప్పి తిప్పి రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, నా మాట అబద్ధమని అమ్మకి తెలిసిపోయింది. నాతో వాదించడం ఇష్టం లేక లేచింది, నాలుగు ముద్దలు తింది, నేను గడప దాటాక నీకు ఫోను చేసింది, నువ్వు ఎత్తకపోతే తనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. అంత గుర్తున్న మనిషికి ఆ రోజు దువా కూడా ఆఖరు దాకా గుర్తుకొచ్చి ఉండొచ్చు. అదే నిజమైతే ఆమె మన్నింపు అడిగి వెళ్లింది, కానీ తన కూతురు తనకి నమాజులో అబద్ధం చెప్తుందని తెలుసుకుని వెళ్లింది.

రెండోది, అమ్మ నన్ను నమ్మింది. 'నువ్వు విన్నావుగా' అన్నది మనసారా అన్నదే. తర్వాత అన్నీ మర్చిపోయి, రోజూ చేసినట్టే నీకు ఫోను నొక్కింది, మళ్లీ కుర్చీలోకి వెళ్లింది, 'ఎంతో అన్యాయం' దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగి, అలా తిరుగుతుండగానే పోయింది. అదే నిజమైతే నా మీద నమ్మకంతో వెళ్లింది, కానీ ఆ వాక్యం దాటలేదు.

మొదటిది అమ్మకి మేలు. రెండోది నాకు.

ఏది జరిగి ఉండాలని కోరుకోవాలో నాకు తెలుసు పిన్నీ. అందులో అనుమానం లేదు. అల్లాహ్‌ని, 'అమ్మ ఆఖరు దాకా చదివే ఉండాలి, నా అబద్ధం ఆమెకి తెలిసిపోయే ఉండాలి' అని అడగాలి. రోజూ సలాం తిప్పకముందు అడుగుదామనే కూర్చుంటాను. నాలుక దాకా వస్తుంది. ఇవాళ కూడా అడగలేకపోయాను.

నీ అక్క కూతురు